పళ్ళకు క్లిప్పులున్నాయా? కషాయం పుక్కిలించినా తగ్గని ఇబ్బందులు, వాటి పరిష్కారాలు

రోజూ వేపాకు కషాయం పుక్కిలిస్తున్నా నోటి వాసన పోవడం లేదు

కారణం చాలావరకు పాచే. బ్యాక్టీరియా అందులో జిగురుగా అల్లుకుని క్లిప్పుల తీగ కింద, బ్రాకెట్ల (తీగను పట్టి ఉంచేందుకు పంటికి అతికించే చిన్న ముక్కల) చుట్టూ అతుక్కుని ఉంటుంది. పుక్కిలించిన నీరు దాని పైపైనే జారిపోతుంది. మా అమ్మాయికి క్లిప్పులు వేయించిన కొత్తలో ఒక రాత్రి ఫోను లైటు వేసి చూశాను. పొద్దున తిన్న పెసరట్టులోని అల్లం పీచు ఇంకా తీగ వెనకే ఉంది! దాన్ని ఏ కషాయం కదిలిస్తుంది? పళ్ళ సందుల్లోకి దూరే సన్నని బ్రష్షును తీగ కిందికి పోనిచ్చి, ఒక్కో బ్రాకెట్‌ను పైనుంచి, కిందనుంచి శుభ్రం చేయాలి. పుక్కిలించడం ఆ తరువాతే.

చిగుళ్ళు ఉబ్బి, తోముతుంటే రక్తం వస్తోంది

చిగురు అంచున పాచి చేరింది. రక్తానికి భయపడి అక్కడ తోమడం మానేస్తే వాపు ఇంకా పెరుగుతుంది. మెత్తని బ్రష్షుతో అక్కడే నిదానంగా తోమండి. తోడుగా త్రిఫల కషాయం నాకు నచ్చిన మందు. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయల్లో వగరునిచ్చే టానిన్లకు బ్యాక్టీరియాను అణిచే గుణం ఉంది. గ్లాసు నీళ్ళలో చెంచాడు చూర్ణం మరిగించి, పలుచని గుడ్డలో వడకట్టి, గోరువెచ్చగా అర నిమిషం పుక్కిలించి ఉమ్మేయాలి. వడకట్టకపోతే ఆ పొడే బ్రాకెట్లకు పడుతుంది. ఏ పూటకు ఆ పూటే కాచుకోండి, తేనె మాత్రం కలపవద్దు. రెండు వారాల్లో తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. ఆయన క్లోర్‌హెక్సిడిన్ (బ్యాక్టీరియాను చంపే మౌత్‌వాష్) రాసిస్తే చెప్పినన్ని రోజులే వాడాలి, ఎక్కువ రోజులైతే పళ్ళ మీద గోధుమరంగు మరకలు పడతాయి.

రబ్బరు రింగులు పచ్చబడ్డాయి

పసుపు కలిపిన నీళ్ళ వల్ల, కూరల వల్ల కూడా. హాని లేదు, రింగులు మార్చినప్పుడు పోతుంది.

నోరు మండుతోంది

లవంగ నూనెను నీళ్ళలో చుక్కలుగా వేశారేమో. నూనె నీళ్ళలో కలవదు, పైన తేలి నేరుగా చిగుళ్ళకు తగులుతుంది. ఆపేయండి. కొన్న మౌత్‌వాష్ అయితే అందులో ఆల్కహాల్ ఉందేమో చూడండి.

బ్రాకెట్ చుట్టూ సుద్ద గీసినట్టు తెల్లమచ్చ

దీన్ని తేలికగా తీసుకోవద్దు. తీపి తిన్నప్పుడల్లా బ్యాక్టీరియా తయారుచేసే ఆమ్లం ఎనామిల్‌లోని (పంటి గట్టి పైపొరలోని) ఖనిజాలను కరిగిస్తోందన్నమాట. కొన్ని వారాల్లోనే ఈ మచ్చ పడవచ్చు. ఇక్కడ కావలసింది ఫ్లోరైడ్, ఆ పని మూలికలు చేయలేవు. ఫ్లోరైడ్ పేస్టుతో రెండు పూటలా తోమాలి. ఫ్లోరైడ్ మౌత్‌వాష్ కూడా అవసరమా అన్నది డాక్టరు చెప్పాలి. తీగ బిగించే తేదీ దాకా ఆగకుండా ఈ వారమే వెళ్ళండి.