బాక్సింగ్ గ్లోవ్స్ కొనే ముందు

హైదరాబాద్ ఎల్బీ స్టేడియం దగ్గరి స్పోర్ట్స్ షాపులకు వెళ్తుంటే హ్యాండ్ ర్యాప్స్ (గ్లోవ్ లోపల చేతికి చుట్టుకునే గుడ్డ పట్టీలు) వెంట పెట్టుకోండి. అవి చుట్టుకున్నాకే గ్లోవ్ తొడిగి చూడాలి. ఉత్త చేతికి సరిపోయింది తర్వాత బిగుసుకుపోతుంది.

పిడికిలి గట్టిగా పట్టండి. మణికట్టు ఊగితే ఆ జత వద్దు. ఒక్కరే వేసుకోవాలంటే లేసుల కంటే వెల్క్రో నయం.

బరువు ఔన్సుల్లో ఉంటుంది. పెద్దవాళ్లు పంచింగ్ బ్యాగ్ కొట్టడానికి 10 నుంచి 14, స్పారింగ్‌కు (ఇంకొకరితో చేసే ప్రాక్టీస్ ఫైట్‌కు) 16 వాడటం మామూలు. బ్యాగ్ మీద కొట్టికొట్టి మెత్త అణగిపోయిన గ్లోవ్స్‌తో స్పారింగ్‌కి మాత్రం దిగకండి, ఆ దెబ్బ నేరుగా ఎదుటివాళ్ల తలకు తగులుతుంది. వీలైతే రెండు జతలు కొనండి. ఇక్కడ పిసినారితనం వద్దే వద్దు.

మన ఉక్కపోతకు లోపల చెమట నిలిచి వాసన పట్టేస్తుంది. వాడాక తుడిచి, నీడలో గాలికి ఆరబెట్టండి.