మొదటి ఆన్‌లైన్ కోర్సు: ఎక్కడ ఆగిపోతుంది, ఎందుకు, ఏం చేయాలి

నల్లగొండలో మగ్గం వర్క్ నేర్పే టీచరమ్మకైనా, పాలమూరులో టాలీ (అకౌంట్ల సాఫ్ట్‌వేర్) చెప్పే సారుకైనా మొదటి కోర్సులో వచ్చే ఇబ్బందులు దాదాపు ఇవే. కెమెరా కొనకముందే మొదటి సమస్య చదవండి. మిగతావాటిలో సగం అక్కడే పుడతాయి.

సమస్య: అందరూ బాగుందన్నారు, కొన్నది ఇద్దరే

కారణం: "మగ్గం వర్క్ పూర్తి కోర్సు" అంటే ఎవరికోసమో తెలియదు. అదంతా యూట్యూబ్‌లో ఉచితంగా దొరుకుతుంది కదా అనుకుంటారు. "బ్లౌజు కుట్టడం వచ్చినవాళ్లకు: 6 వారాల్లో పెళ్లి బ్లౌజు చేతులు, వెనక మెడ" అంటే ఎవరు చేరాలో, చివరికి చేతికి ఏం వస్తుందో తెలిసిపోతుంది. బత్తాయి సాగు మొత్తం చెప్తామంటే రైతు కదలడు. "కాపు కోశాక ఎండుపుల్లలు తీయడం, బోర్డో పేస్టు (తెగులు రాకుండా మొదళ్లకు పూసే మైలుతుత్తం, సున్నం ముద్ద) పూయడం" అంటే పైసలు పెడతాడు. (ఇలాంటి కోర్సుకు సీజన్‌లోనే షూటింగ్ పెట్టుకోవాలి. ఆ పని దాటితే మళ్లీ ఏడాది ఆగాలి.)

పరిష్కారం: రికార్డు చేయకముందే అమ్మండి. ధర 999 అనుకుంటే మొదటి బ్యాచ్‌కు 499 పెట్టి ముందే కట్టించుకోండి. ఐదుగురు కూడా రాకపోతే కట్టినవాళ్లకు తిరిగి ఇచ్చేసి విషయం మార్చండి. వస్తే రెండు వారాలు లైవ్‌లో చెప్పండి. ఉచిత జూమ్‌లో క్లాసు 40 నిమిషాలకు తెగిపోతుంది. ఉచిత గూగుల్ మీట్‌లో ముగ్గురు, అంతకన్నా ఎక్కువమంది ఉంటే 60 నిమిషాలు నడుస్తుంది. అక్కడ పదేపదే వచ్చిన ప్రశ్నలు రాసిపెట్టుకోండి, అవే మీ పాఠాల పట్టిక.

సమస్య: వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ సగం మందికి చేరలేదు

బ్రాడ్‌కాస్ట్ అంటే ఒకే మెసేజ్ చాలామందికి విడివిడిగా పంపడం. మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది వెళ్తుంది. ఒక్కో లిస్టులో 256 మందే పడతారు. ముందుగా విడిగా పలకరించి, నంబరు సేవ్ చేసుకోమని అడగండి.

సమస్య: గొంతు బావిలోంచి వచ్చినట్టుంది, వెనక హోరు

కారణం: ఫోను మూడు నాలుగు అడుగుల దూరంలో ఉంది, గది ఖాళీగా ఉంది. టైల్స్, స్లాబు, సున్నం గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి. హోరేమో ఫ్యానుది.

పరిష్కారం: ఉన్న డబ్బు కెమెరాకు కాదు, మైకుకు పెట్టండి. మామూలు వైరు కాలర్ మైకు చాలు. గడ్డానికి జానెడు కింద పెట్టి, పైట గానీ చున్నీ గానీ రాసుకోని వైపు పిన్ చేయండి. రాసుకుంటే వచ్చే గరగర ఎడిటింగ్‌లో పోదు. పరుపు, బట్టలు ఉన్న పడకగదిలో కూర్చుని, ఎదురుగా, వెనకా మందపు దుప్పట్లు వేలాడదీయండి. ఫ్యాను ఆపాల్సిందే. మే నెలలో పాలమూరు ఎండకు అది మాటలు కాదు కాబట్టి తెల్లవారుజామున, పది నిమిషాల ముక్కలుగా తీయండి. ప్రతి ముక్క మొదట్లో 5 సెకన్లు మౌనంగా ఉండండి. ఆడాసిటీలో (ఆడియో ఎడిటింగ్ చేసే ఉచిత సాఫ్ట్‌వేర్) ఆ మౌనాన్నే నాయిస్ ప్రొఫైల్‌గా, అంటే హోరు నమూనాగా ఇస్తే మిగిలిన హోరు తగ్గుతుంది. మాట గట్టిగా ఉన్నచోట రికార్డింగ్ మీటరులో లెవెల్ మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆగాలి. సున్నా తాకితే గొంతు పగిలిపోతుంది.

సమస్య: వీడియోలో నల్లటి చారలు కదులుతున్నాయి

మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే కొన్ని ట్యూబులు, ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. ఫోను కెమెరాలో సెట్టింగులు మనమే మార్చుకునే ప్రో మోడ్‌లో షట్టర్ వేగం 1/50 లేదా 1/100 సెకను పెట్టండి. లేదా కిటికీ వెలుగులో తీయండి.

సమస్య: "మేడమ్, చెయ్యి కనబడ్తలేదు"

మగ్గం వర్క్‌లో ఆరి సూది పైన కదులుతుంది, దారం అందించే చెయ్యి ఫ్రేము కింద ఉంటుంది. కొత్తవాళ్లు తప్పేది ఆ కింది చేతి దగ్గరే, చాలామంది చూపించనిదీ అదే. ఒకే గొలుసు కుట్టును రెండుసార్లు తీయండి: ఒకసారి పైనుంచి, ఇంకోసారి ఫోనును ఫ్రేము కింద పెట్టి. వెలుగు సూది పట్టుకోని చేతి వైపు నుంచి రావాలి, లేకపోతే నీడ కుట్టు మీదే పడుతుంది. టాలీ, ఎక్సెల్ చెప్పేవాళ్లు స్క్రీన్‌ను జూమ్ చేసి రికార్డు చేసి, ఒకసారి ఫోన్‌లో చూసుకోండి. చూసేవాళ్లలో ఎక్కువమంది ఫోన్‌లోనే చూస్తారు.

సమస్య: వీడియో తిరుగుతూనే ఉంది, డేటా అయిపోతోంది

8 ఎంబీపీఎస్ బిట్‌రేటుతో (సెకను వీడియోకు పట్టే డేటా) ఎక్కించిన 10 నిమిషాల వీడియో 600 ఎంబీ. రోజుకు 1.5 జీబీ ప్యాక్ ఉన్నవాళ్లకు రెండు పాఠాలతో ఆ రోజు డేటా దాదాపు ఖతం. అదే 1 ఎంబీపీఎస్ అయితే 75 ఎంబీ. తక్కువ డేటా తినే 480పీ కాపీ కూడా ఇవ్వండి.

సమస్య: డబ్బు లెక్క కుదరడం లేదు

స్క్రీన్‌షాట్ చూసి లింకు ఇవ్వకండి, నకిలీవి క్షణాల్లో తయారవుతాయి. ఖాతాలో జమ అయ్యిందో లేదో చూశాకే ఇవ్వండి. పేమెంట్ గేట్‌వే (సైటులో ఆన్‌లైన్‌గా డబ్బు కట్టించుకునే సేవ) దరఖాస్తు తిరిగివచ్చిందంటే మీ సైటులో నిబంధనలు, రీఫండ్, ప్రైవసీ, సంప్రదింపు పేజీల్లో ఏదో లేదేమో చూడండి. ఫీజు 2 శాతం, దానిపై 18 శాతం జీఎస్టీ అయితే 999లో సుమారు 975 మీకు చేరుతుంది. ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు.

సమస్య: కట్టినవాళ్లు మూడో పాఠానికే ఆగిపోయారు

మొదటి రెండు పాఠాల్లో పరిచయం, చరిత్ర నింపి ఉంటారు, తీసేయండి. మొదటి పాఠం అయ్యేసరికి వాళ్ల చేతిలో ఒక పువ్వో, ఒక ఇన్వాయిసో తయారవ్వాలి. దాని ఫోటో గ్రూపులో పెట్టమనండి, ఆదివారం అరగంట డౌట్లు తీర్చండి.

సమస్య: కోర్సు టెలిగ్రామ్‌లో కనిపించింది

యూట్యూబ్ అన్‌లిస్టెడ్ (వెతికితే దొరకని, లింకుతోనే తెరుచుకునే) వీడియో లింకు ఎవరి చేతికి చిక్కితే వాళ్లు చూసేస్తారు. లాగిన్ అడిగే యాప్‌కు మారి, కొన్నవాళ్ల ఫోన్ నంబరు వీడియో మీద తేలేలా పెట్టండి. స్క్రీన్‌ను ఇంకో ఫోన్‌తో తీసేవాణ్ని ఏ తాళమూ ఆపలేదు. ఆ ఒక్కడి కోసం ప్రతి పాఠానికీ ఓటీపీ అడిగితే, డబ్బు కట్టినవాళ్లే విసిగి మానేస్తారు.