చిన్న హిమాలయ సంస్థానం చరిత్రను రాయడం ఎలా: చంబా ఉదాహరణగా

హిమాలయ సంస్థానాల చరిత్ర చాలాసార్లు పొరుగువారి చరిత్రలో అధోజ్ఞాపికగా మిగిలిపోతుంది. కాశ్మీరు రాజులో, మొఘలులో, సిక్కులో, ఆంగ్లేయులో వచ్చినప్పుడు ఆ చిన్న రాజ్యం పేరు ఒకసారి వినిపించి, వారు వెళ్లిపోగానే కనుమరుగవుతుంది. అలా కాకుండా ఆ రాజ్యాన్ని దాని లోయలోనే నిలబడి చూసి రాయదలచుకున్న వారికి పనికివచ్చే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. నేడు హిమాచల్ ప్రదేశ్‌లో ఒక జిల్లాగా ఉన్న చంబాను ఉదాహరణగా తీసుకుంటున్నాను. 1901 నాటికి సుమారు 3,200 చదరపు మైళ్ల విస్తీర్ణమూ 1,27,834 మంది జనాభా ఉన్న ఈ సంస్థానానికి, పదమూడు శతాబ్దాల నాటి విగ్రహం మీది అక్షరాల నుంచి బ్రిటిష్ కాలపు దస్త్రాల వరకు దాదాపు ప్రతి రకం ఆధారమూ ఉంది. ఇక్కడ నేర్చుకున్న పద్ధతిని ఇతర కొండ రాజ్యాలకు అన్వయించుకోవడం కష్టం కాదు.

పని మొదలుపెట్టేటప్పుడు రాజుల జాబితాను పక్కన పెట్టి భూగోళ పటాన్ని తెరవండి. దక్షిణాన ధౌలాధార్, నడుమ పీర్ పంజాల్, ఉత్తరాన జాంస్కర్ శ్రేణులు చంబాను విభజిస్తాయి. రావి నది రాజ్యం మధ్యగా పారుతుంది, పీర్ పంజాల్‌కు ఆవల ఉన్న పాంగీ లోయ చంద్రభాగ (చీనాబ్) నదిది. పాంగీకి దారి ఇచ్చే సాచ్ కనుమ సుమారు 4,400 మీటర్ల ఎత్తున ఉండి, శీతకాలమంతా మంచుతో మూసుకుపోతుంది. పూర్వం పాంగీకి ఉద్యోగం మీద వెళ్లే సంస్థాన అధికారులకు, వారు తిరిగి రారన్న భావంతో, అంత్యక్రియల ఖర్చు పేరిట ప్రత్యేక భత్యం ఇచ్చేవారని సంస్థానపు గెజిటీర్ నమోదు చేసింది. ఈ ఒక్క వివరం తెలిస్తే, రాజధానిలో కూర్చున్న రాజు ఆజ్ఞ పాంగీలో ఎంతవరకు చెల్లేదో, అక్కడి రాణాలు, అంటే స్థానిక చిన్న పాలకులు, అంత కాలం ఎందుకు నిలిచారో ఊహించగలుగుతాం. కనుక పటం మీద కనుమలు, అవి మూసుకుపోయే నెలలు, నదిని దాటే చోట్లు గుర్తించుకున్న తరువాతే ఆధారాల దగ్గరకు వెళ్లాలి.

ఆధారాలను చదివే క్రమంలో చాలామంది వంశావళితో మొదలుపెడతారు, ఎందుకంటే అందులో అన్నీ వరుసగా దొరుకుతాయి. నా అభిప్రాయంలో అది చివర చదవవలసినది. చంబా వంశావళి సంస్కృతంలో ఉంది. అది దేవతలతో ఆరంభమై, సూర్యవంశం మీదుగా చారిత్రక రాజుల దాకా వస్తుంది. తరతరాలుగా నకలు చేస్తూ వచ్చిన ఇటువంటి జాబితాలో పేర్లు తారుమారు కావచ్చు, కొన్ని జారిపోవచ్చు, ఇబ్బందికరమైన సంఘటనలు మాసిపోవచ్చు. లోహం మీదనో రాతి మీదనో చెక్కిన మాటను తరువాతి వారు దిద్దడం కష్టం. అందుచేత ప్రతి ఆధారాన్నీ, అది ఏమి చెబుతున్నదని అడిగే ముందు, అది ఎప్పటిదని అడగాలి.

ఈ సూత్రం ఎంత దూరం తీసుకువెళుతుందో చూపే ఉదాహరణ భర్మౌర్‌లో ఉంది. భర్మౌర్ అంటే పాత రాజధాని బ్రహ్మపురం. అక్కడి లక్షణాదేవి ఇత్తడి విగ్రహం పీఠం మీద ఒక చిన్న శాసనం ఉంది. మోషూణ గోత్రంలో, ఆదిత్య వంశంలో పుట్టినవాడు, ఆదిత్యవర్మకు మునిమనుమడు, బలవర్మకు మనుమడు, దివాకరవర్మకు కుమారుడు అయిన మేరువర్మ తన పుణ్యవృద్ధి కోసం ఈ విగ్రహాన్ని చేయించాడని, దాన్ని చేసిన పనివాడు గుగ్గుడని ఆ శాసనం చెబుతుంది. అందులో సంవత్సరం లేదు. అక్షరాల తీరును బట్టి పండితులు దాన్ని సుమారు క్రీ.శ. 700 నాటిదిగా నిర్ణయించారు. ఇన్ని తరాలకు నిలిచిన ఆ పీఠం మీద రాజు పేరుతో పాటు శిల్పి పేరు కూడా ఉండడం నన్ను ప్రతిసారీ కదిలిస్తుంది. చరిత్ర రాసేవారు గుగ్గుడి పేరును మేరువర్మ పేరంత శ్రద్ధగానూ రాయాలి.

ఇప్పుడు వంశావళి చెప్పే మూషణవర్మ కథను దీని పక్కన ఉంచండి. శత్రువుల దాడిలో రాజు లక్ష్మీవర్మ మరణించగా, గర్భవతి అయిన రాణి పారిపోతూ ఒక గుహలో బిడ్డను ప్రసవించి వదిలి వెళ్లిందని, వెంట ఉన్నవారు తిరిగి వెళ్లి చూసేసరికి ఎలుకలు ఆ శిశువును చుట్టుముట్టి కాపలా కాస్తున్నాయని, అందుకే అతనికి మూషణుడన్న పేరు వచ్చిందని ఆ కథ. వంశక్రమంలో ఈ రాజు మేరువర్మకు చాలా తరువాతివాడు. అయినా మోషూణ అన్న గోత్రనామం మేరువర్మ శాసనంలో అప్పటికే ఉంది. అంటే పేరు ముందు పుట్టింది, దానికి అర్థం చెప్పడానికి కథ తరువాత అల్లుకున్నదని అనుకోవడానికి బలమైన కారణం ఉంది. కథను కొట్టివేయనక్కరలేదు. రాజవంశం ఆపదలో కూలి మళ్లీ లేచిందన్న జ్ఞాపకం అందులో ఉండవచ్చు. అయితే దాన్ని సంఘటనగా కాక, ఆ వంశం తన పేరును తాను అర్థం చేసుకున్న తీరుగా రాయడం న్యాయం.

కాలనిర్ణయం దగ్గర ఓపిక అవసరం. ఈ కొండల్లో వాడుకలో ఉన్నది సప్తర్షి శకం. దీనినే లౌకిక సంవత్సరమనీ శాస్త్ర సంవత్సరమనీ కూడా అంటారు. దీనిలో వందలను వదిలిపెట్టి చివరి రెండంకెలే రాసే అలవాటు ఉంది. ఆ రెండంకెలకు 24 గాని 25 గాని కలిపితే క్రీస్తు శకంలోని ఏదో ఒక శతాబ్దపు సంవత్సరం వస్తుంది. సంవత్సరం వసంతంలో మొదలవుతుంది కనుక రెండు సంఖ్యలు చెప్పవలసి వస్తున్నది. కల్హణుని రాజతరంగిణిలో, కాశ్మీరు రాజు కలశుని కాలంలో, 63వ సంవత్సరపు శీతకాలంలో ఎనిమిది మంది కొండ రాజులు శ్రీనగరానికి వచ్చారని ఉంది, వారిలో చంపా, అంటే చంబా, రాజైన ఆసటుడు ఒకడు. 63కు 24, 25 కలిపితే 87, 88 వస్తాయి. కలశుడు పదకొండవ శతాబ్ది వాడు కనుక అది 1087-88 శీతకాలం. ఏ శతాబ్దమో తేల్చేది లెక్క కాదు, రాజు పేరో లిపి తీరో మాత్రమే. ఆ రెండూ లేని శాసనానికి సంవత్సరం కట్టవద్దు, ‘సుమారు’ అని రాసి ఊరుకోవడంలో తప్పు లేదు.

ఆసటుని పేరు కాశ్మీరు గ్రంథంలోనూ దానశాసనాలు చెక్కిన చంబా రాగిరేకుల మీదా దొరుకుతుంది. అతని తండ్రి శాలవాహనుణ్ణి కాశ్మీరు రాజు అనంతుడు పదవీచ్యుతుణ్ణి చేశాడని కల్హణుడు ‘సాల’ అన్న పేరుతో చెబుతాడు. స్థానిక రాగిరేకుల నుంచి శాలవాహనుని కుమారులైన సోమవర్మ, ఆసటవర్మల వరుస తెలుస్తుంది. ఓటమి గురించి పొరుగువాడు చెప్పిన మాటను, వారసత్వం గురించి ఇంటివాడు చెప్పిన మాటను కలిపి చదివినప్పుడే ఆ యాభై ఏళ్లు మనకు అర్థమవుతాయి.

రాగిరేకులను రాజుల పేర్ల కోసమే చదివి పక్కన పెట్టేవారు వాటిలోని మేలైన భాగాన్ని పోగొట్టుకుంటారు. దానశాసనంలో మొదట ప్రశస్తి, అంటే రాజవంశాన్ని పొగిడే భాగం, ఉంటుంది. దాన్ని కాస్త జాగ్రత్తగా తీసుకోవాలి. సోమవర్మ కాలపు రేకు పూర్వీకుడైన సాహిల్లవర్మ కీరులను, త్రిగర్త (కాంగ్రా) రాజును, తురుష్కులను ఎదిరించాడని పొగడుతుంది. ఆ పొగడ్త సాహిల్లుని తరువాత వంద సంవత్సరాలు దాటాక రాసినది. ప్రశస్తి ముగిశాక అధికారుల జాబితా, దానం పుచ్చుకున్నవాని పేరు, భూమి ఎల్లలు వస్తాయి. ఆ ఎల్లలలో ఉన్న వాగు, చెట్టు, పక్క పొలం పేర్లను నేటి గ్రామాల పేర్లతో సరిచూసుకుంటూ పోతే, సాగుభూమి ఏ కాలంలో ఎంత పైకి పాకిందో తెలుస్తుంది. ఈ పనికి శారదా లిపి, దాని నుంచి వచ్చిన టాక్రీ లిపి నేర్చుకోవాలి. తరువాతి కాలపు రేకుల్లో సంస్కృతంతో పాటు స్థానిక భాష చంబియాలీ మాటలు కూడా కలుస్తాయి కనుక ఆ భాష తెలిసినవారి సాయం తీసుకోవడం మంచిది.

రాజులు కానివారి గొంతు వినాలంటే నీటిధారల దగ్గర నిలబెట్టిన రాతి పలకలను వెదకండి. చనిపోయినవారి పుణ్యం కోసం ఊటనీటికి దారి కట్టి, దాని ముందు వరుణుని, నదీదేవతలను చెక్కిన పెద్ద పలకలను నిలపడం చురాహ్, పాంగీ ప్రాంతాల రాణాల ఆచారం. పాంగీలోని సాల్హీ వద్ద 1170 నాటి పలక ఉంది. చురాహ్‌లోని దేవీ-రీ-కోఠీ పలక చంబా రాజు లలితవర్మ పాలనలో 17వ సంవత్సరానిది, అంటే సుమారు 1159-60 నాటిది. భర్త చనిపోగా సహగమనానికి సిద్ధపడిన బల్హా అనే స్త్రీని ఆమె కుమారులు ఆపారని, ఆమె ఉపవాసాలతో శుష్కిస్తూ జీవించి, భర్త పుణ్యం కోసం ఆ నీటిధారను కట్టించిందని అది చెబుతుంది. హిమాలయాల మారుమూల లోయలోని ఒక వితంతువు దుఃఖం ఎనిమిది వందల ఏళ్లు దాటి మనదాకా వచ్చిందంటే ఆ రాయి వల్లనే. ఇటువంటి సాక్ష్యాన్ని వదిలి యుద్ధాలు మాత్రమే రాసిన చరిత్ర అసంపూర్ణం.

జనశ్రుతిని పొరలుగా విడదీసి చూడాలి. సాహిల్లవర్మ సుమారు 920 ప్రాంతంలో రాజధానిని భర్మౌర్ నుంచి రావి ఒడ్డుకు మార్చి, కుమార్తె చంపావతి పేరు మీద చంబా పట్టణాన్ని కట్టించాడని చెబుతారు. కొత్త పట్టణానికి కాలువ నీరు రాకపోతే రాణి తనను తాను బలి ఇచ్చుకుందని, అప్పుడు నీరు పారిందని మరో కథ ఉంది. ఆమె పేరిట జరిగే సూయీ జాతర స్త్రీలది, పిల్లలది. ఆ గుడికి వెళ్లే రాతిమెట్లను చంబా రాజు జీత్ సింగ్ (1794–1808) రాణి శారద కట్టించింది. పదవ శతాబ్దపు బలికి మనకు సమకాలిక సాక్ష్యం లేదు. పంతొమ్మిదవ శతాబ్దపు ఆరంభానికి రాజకుటుంబంలోని స్త్రీ ఆ స్మృతిని రాతితో నిలబెట్టవలసినదిగా భావించిందన్నది మాత్రం గట్టి వాస్తవం. మొదటిదాన్ని ‘చెబుతారు’ అని, రెండవదాన్ని ‘కట్టించింది’ అని రాస్తే చాలు, పాఠకునికి తేడా అర్థమవుతుంది.

మొఘలుల కాలానికి వచ్చేసరికి పర్షియన్ చరిత్రలు తోడవుతాయి. షాజహాన్ ఆస్థాన చరిత్ర, నూర్పూర్ రాజా జగత్ సింగ్ 1641లో తిరగబడిన సందర్భంలో, తన తండ్రిని జగత్ సింగ్ చంపగా మొఘలుల పక్షం చేరిన చంబా ‘జమీందారు’ పృథీ చంద్‌ను ప్రస్తావిస్తుంది. స్థానికంగా అతను రాజా పృథ్వీ సింగ్. ఒకే మనిషికి రెండు ఆధారాల్లో రెండు పేర్లు, రెండు హోదాలు ఉన్నప్పుడు ఒకదాన్ని తప్పుగా కొట్టివేయకుండా, ఎవరి కంటికి అతను ఎలా కనిపించాడో రెండూ రాయండి.

అక్కడి నుంచి కథను నడిపించే దారంగా నేను సరిహద్దును ఎంచుకుంటాను. కాంగ్రా వైపున్న సారవంతమైన రిహ్లూ ప్రాంతాన్ని అక్బరు మంత్రి తోడర్ మల్ సామ్రాజ్యంలో కలుపుకొన్నాడు. మాంసం తీసుకొని ఎముకలు వదిలానని అతను అన్నట్లు జనశ్రుతి. ఆ రిహ్లూ కోసమే 1794లో నేర్టీ వద్ద కాంగ్రా రాజు సంసార్ చంద్ సేనతో పోరాడుతూ చంబా రాజు రాజ్ సింగ్ ప్రాణం విడిచాడు. 1846 మార్చి 16 నాటి అమృత్‌సర్ ఒప్పందంలో సింధుకు తూర్పున, రావికి పడమరన ఉన్న కొండ ప్రాంతాలను ‘చంబాతో సహా’ జమ్మూ పాలకుడు గులాబ్ సింగ్‌కు ఇస్తున్నట్లు రాశారు. రావి చంబాను నడిమికి చీల్చుతుందన్న సంగతి ఆ వాక్యంలో ఇమడలేదు. అప్పుడు రాజు శ్రీ సింగ్ చిన్నపిల్లవాడు. వజీర్ బాఘా లాహోరుకు వెళ్లి వాదించగా, పొరుగున ఉన్న భద్రవాహ్ మీది హక్కు వదులుకొని చంబా రెండు ఒడ్డులనూ నిలుపుకొని, జమ్మూకు కాక నేరుగా బ్రిటిష్ వారికి లోబడింది. ఒప్పందాలను చదివేటప్పుడు పటాన్ని పక్కనే తెరిచి ఉంచుకోమని అనడానికి ఇంతకంటే మంచి కారణం నాకు తెలియదు.

బ్రిటిష్ కాలంలో సనదుల (హక్కులను ధ్రువీకరించే పత్రాల) కంటే కప్పం లెక్కలు ఎక్కువ చెబుతాయి. మొదట ఏటా 12,000 రూపాయలుగా ఉన్న కప్పం, 1853లో డల్హౌసీ పట్టణం కోసం ఐదు కొండలు ఇచ్చినందుకు 2,000 తగ్గింది. 1860ల్లో బక్లోహ్, బాలున్ కంటోన్మెంట్లకు స్థలం ఇచ్చినందుకు మరో 5,000 తగ్గింది. కప్పం ఎందుకు తగ్గిందని అడిగిన ప్రతిసారీ జవాబు భూమే. దీని పక్కన 1864 నాటి అడవుల కౌలును పెట్టండి: దేవదారు అడవులను 99 ఏళ్లకు, ఏడాదికి 22,000 రూపాయలకు ప్రభుత్వం తీసుకుంది. ఆ దుంగలు రావి నీటిలో తేలుతూ మైదానాలకు చేరేవి. సంస్థానం చెల్లించే కప్పం కంటే దానికి అడవి మీద వచ్చే సొమ్ము ఎక్కువని ఈ రెండు అంకెలు చూపుతాయి, అడవిలో మందలు మేపుకునే గద్దీ కాపరులకు, కట్టె కొట్టుకునే రైతులకు దాని వల్ల ఏమి మారిందన్నది మీరు తరువాత వెదకవలసిన ప్రశ్న. ఇందుకు ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో ఉన్న విదేశీ, రాజకీయ శాఖ దస్త్రాలు ఉపయోగపడతాయి. శాసనాలకు చంబాలోనే 1908లో భూరీ సింగ్ పేరిట నెలకొన్న మ్యూజియానికి వెళ్లాలి. డచ్ పండితుడు ఫోగెల్ చొరవతో సేకరించిన పలకలు, రేకులు అక్కడ ఉన్నాయి. ప్రచురిత పాఠాలను నమ్ముకున్నా, వీలైనంతవరకు రాయిని కళ్లతో చూడండి.

చివరి అధ్యాయాన్ని ఎక్కడ ముగించాలన్నది కూడా ఆలోచించవలసినదే. రాజు లక్ష్మణ్ సింగ్ కాలంలో, 1948 ఏప్రిల్ 15న చంబా కొత్తగా ఏర్పడిన హిమాచల్ ప్రదేశ్‌లో కలిసింది. రాజుల చరిత్రకు అది ముగింపు. సరిహద్దును దారంగా పట్టుకొని వచ్చిన రచనకు మరి కొంత మిగిలి ఉంది. కప్పం తగ్గింపుకు బదులుగా చేజారిన డల్హౌసీ, బక్లోహ్, బాలున్ ఆ తరువాత కూడా పంజాబులోని గురుదాస్‌పూర్ జిల్లాలోనే ఉండి, 1966 నవంబర్ 1న పంజాబు పునర్విభజనతో తిరిగి చంబాకు చేరాయి.