ఏడాదికి సరిపడా కారంపొడి పట్టించుకోవడం ఎలా?

నెలనెలా కారం ప్యాకెట్ కొనే ఇల్లు ఏడాదికి పన్నెండుసార్లు ప్యాకింగుకూ, రవాణాకూ, దుకాణం లాభానికీ డబ్బు కడుతుంది. మార్చిలో ఒక్కసారి ఎండుమిర్చి తెచ్చి గిర్నిలో పట్టించుకుంటే ఆ డబ్బు మిగలాలి. కానీ చాలా ఇళ్లలో మిగలదు. వానలు మొదలయ్యేసరికి డబ్బాలో కారం గడ్డకడుతుంది, బూజు వాసన వస్తుంది, సగం పారబోసి మళ్లీ ప్యాకెట్లు కొంటారు. తప్పు గిర్నివాళ్లదని ఒకరంటారు, మిర్చి మంచిది కాదని ఇంకొకరంటారు. చాలా ఇళ్లలో తప్పు ఎండబెట్టడంలోనే ఉంటుంది. అందుకే కొనడం, పట్టించడం గురించి తొందరగా చెప్పి, ఎండబెట్టడం దగ్గర ఆగుతాను.

ఎంత కావాలి, ఎప్పుడు కొనాలి

నలుగురున్న ఇంటికి కూరలకూ పచ్చళ్లకూ నెలకు 350 నుంచి 400 గ్రాముల కారం పడుతుంది. ఏడాదికి నాలుగున్నర కిలోలు అనుకోండి. వేసవిలో ఐదు కిలోల ముక్కలతో మామిడికాయ తొక్కు పెట్టే ఇల్లయితే ఇంకో కిలో కలపండి. ముచ్చికలకూ, ఎండలో పోయే తేమకూ, గిర్నిలో ఎగిరే దుమ్ముకూ కలిపి కిలో మిర్చికి 150 గ్రాముల వరకు తరుగు పోతుంది. అంటే ఐదున్నర కిలోల పొడి కావాలంటే ఆరున్నర కిలోల మిర్చి తేవాలి.

ధర లెక్క కూడా ఇలాగే వేయాలి. మిర్చి కిలో ధరను 0.85తో భాగించి గిర్ని కూలి కలపండి. మిర్చి కిలో 200 రూపాయలకు దొరికితే పొడి కిలో 235 పడుతుంది, కూలి ఆ పైన. దాన్ని మీరు కొనే ప్యాకెట్ ధరతో పోల్చండి. మిర్చి ధర మండిపోయిన ఏడాది ఈ తేడా బాగా తగ్గిపోతుంది. అప్పుడు ఆరు నెలలకే పట్టించుకోండి.

కొనడానికి మంచి సమయం ఫిబ్రవరి చివరి వారం నుంచి మార్చి నెలాఖరు వరకు. వరంగల్‌లోని ఎనుమాముల మిర్చి మార్కెట్‌కు అప్పుడే సరుకు ముంచెత్తుతుంది, గాలిలో తేమ తక్కువ, ఎండ గట్టిగానే ఉన్నా కాయ రంగును మాడ్చేంత ఉండదు. ఏప్రిల్ దాటితే దుకాణాల్లో కనబడేదాంట్లో చాలా భాగం కోల్డ్ స్టోరేజీ సరుకే. చల్లటి గదిలోంచి వేడిగాలిలోకి వచ్చిన కాయకు చెమట పడుతుంది, అదే తేమతో బస్తాలో కూర్చుంటుంది. కొనక తప్పకపోతే తెచ్చిన రోజే ఎండకు వేయాలి, మూట కట్టి మూలన పెట్టొద్దు.

ఆ మార్కెట్ యార్డులో సరుకు బస్తాల లెక్కన అమ్ముడవుతుంది, ఐదారు కిలోలు ఎవరూ ఇవ్వరు. నాలుగైదు ఇళ్లు కలిసి ఒక బస్తా తీసుకుని పంచుకోవడం అన్నిటికంటే చవక. నర్సంపేట, పరకాల, ములుగు వైపు తెలిసిన రైతు ఉంటే కల్లం మీదే తూకం వేయించుకోవచ్చు. అదీ కుదరకపోతే వరంగల్ బీట్ బజార్ దుకాణాల్లో రెండు మూడు చోట్ల చూసి కొనండి.

ఏ మిర్చి

మూడింట రెండు వంతులు రంగునిచ్చే వండర్ హాట్ లేదా 341 రకం, ఒక వంతు బాగా కారంగా ఉండే తేజ రకం. ఇంటి కారానికి ఇదే పాళ్లు, ఇంకో పాళ్లు వద్దు. తేజ ఒక్కటే పట్టిస్తే కూరకు రంగు రాకముందే నోరు మండుతుంది. రంగు కోసం ఇంకో చెంచా వేస్తే కూర తినలేం. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ చపాటా మిర్చి రంగుకు సాటిలేనిది, కారం తక్కువ. ధర ఎక్కువ కాబట్టి దాన్ని తొక్కులోకి అరకిలో, కిలో మాత్రమే విడిగా పట్టించండి. రోజువారీ కూరల్లో వాడితే డబ్బు దండగ.

తాలు జోలికి పోవద్దు. తెల్లబడిన, మచ్చలు పడిన ఆ కాయ సగం కంటే తక్కువకు ఇస్తామన్నా వద్దు. దాంతో రంగు రాదు, కారం రాదు, చెంచాకు బదులు రెండు చెంచాలు వేయాల్సి వస్తుంది.

కొనేముందు గుప్పెడు కాయలు చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల గింజలు గలగలలాడాలి. చప్పుడు లేకపోతే కాయ మెత్తగా ఉన్నట్టే, మీరు నీళ్లను తూకం వేయించుకుంటున్నట్టే. బస్తా పైన కాకుండా నడుమ నుంచి నాలుగు కాయలు తీసి చీల్చి చూడండి. గింజల చుట్టూ బూడిదరంగు పొడిగానీ నల్లటి మచ్చగానీ ఉంటే ఆ బస్తా వదిలేయండి. పైకి నిగనిగలాడే కాయలో కూడా లోపల బూజు ఉంటుంది.

ముచ్చికలు ఎప్పుడు తీయాలి

ఎండబెట్టాక కాదు, అంతకుముందు. బాగా ఎండిన కాయకు ముచ్చిక లాగితే కాయ పగిలి గింజలన్నీ నేలపాలవుతాయి, ఘాటు ముక్కుకెక్కుతుంది. ఒక పూట ఎండ తగిలి కాస్త తోలులా ఉన్నప్పుడు ముచ్చిక సులువుగా ఊడొస్తుంది. దీనివల్ల ఇంకో పెద్ద లాభం ఉంది. ముచ్చిక ఊడిన చోట రంధ్రం పడుతుంది, కాయ లోపలి తేమ అక్కడి నుంచే బయటికి పోతుంది. ముచ్చికతో ఎండిన కాయ పైకి పెళపెళలాడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది.

ముచ్చికలతోనే పట్టించేవాళ్లు ఉన్నారు. తరుగు తగ్గుతుందని వాళ్ల లెక్క. పొడి గోధుమరంగుకు తిరుగుతుంది, పీచు తగులుతుంది, కారం పలచబడుతుంది. అది పొదుపు కాదు.

చేతులకు ముందే నూనె రాసుకోండి. మంట పెట్టే పదార్థం నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. పని అయ్యాక కూడా ముందు నూనెతో రుద్దుకుని ఆ తర్వాత సబ్బుతో కడగాలి.

ఎండబెట్టడం

ఇక్కడ తొందరపడితే మిగతా పనంతా వృథా.

కింద టార్పాలిన్ వేయొద్దు. ప్లాస్టిక్ కింది తేమను బంధించి ఉంచుతుంది, కాయ కింది వైపు చెమట పడుతుంది. నులక మంచం మీద పాత నూలు చీర పరిచి ఆరబోయడం అన్నిటికంటే మంచి పద్ధతి, ఎందుకంటే గాలి కింది నుంచి కూడా తగులుతుంది. మంచం లేకపోతే డాబా మీద రెండు మడతల దుప్పటి చాలు. కాయ మీద కాయ పడకుండా ఒక్క వరుసే పరవాలి. ఆరున్నర కిలోలకు ఒక మంచం సరిపోదు, రెండు మూడు కావాలి. జాగ లేదని గుట్టగా పోస్తే పైది మాడుతుంది, కిందిది మెత్తబడుతుంది. జాగ తక్కువుంటే రెండు విడతలుగా ఎండబెట్టండి. గంటకోసారి చేత్తో తిప్పాలి.

కాయల మీద పలచటి నూలు గుడ్డ కప్పండి. చాలామంది దీన్ని దుమ్ముకోసం అనుకుంటారు. అసలు పని రంగును కాపాడటం. మిర్చి ఎరుపు నేరుగా తగిలే వెలుతురుకు వెలుస్తుంది. గుడ్డ కింద వేడి తగులుతుంది, వెలుతురు తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండబెట్టాల్సి వస్తే గుడ్డ తప్పనిసరి, పదకొండు నుంచి మూడింటిదాకా నీడకు తీయడం ఇంకా మంచిది. రంగు రావాలని నాలుగైదు రోజులు గుడ్డ కప్పకుండా ఎండకు వదిలేసిన కాయ ఇటుకపొడి రంగుకు దిగుతుంది, ఆ తర్వాత ఏం చేసినా ఎరుపు తిరిగి రాదు.

పొద్దుగూకకముందే లోపలికి తేవాలి. ఐదు దాటాక గాలి చల్లబడుతూనే ఎండిన కాయ తేమను తిరిగి పీల్చుకోవడం మొదలుపెడుతుంది. పగలంతా ఎండలో పెట్టి రాత్రి డాబా మీదే వదిలేస్తే మర్నాడు మొదటికొస్తారు. లోపలికి తెచ్చాక వేడివేడిగా సంచిలో కట్టొద్దు. అరగంట నీడలో ఆరనిచ్చి, దగ్గరగా పోగుచేసి, గుడ్డ కప్పి ఉంచండి. రాత్రి పోగులో ఉన్నప్పుడు కాయ లోపలి తేమ తొక్కలోకి వస్తుంది, రెండోరోజు ఎండ దాన్ని లాగేస్తుంది. ఒకే రోజు ఎంత గట్టి ఎండలో పెట్టినా ఈ పని జరగదు. సన్నటి తేజకు రెండు రోజులు, వండర్ హాట్, 341 రకాలకు రెండున్నర, తొక్క మందంగా ఉండే చపాటాకు మూడు రోజులు లెక్క.

ఎండిందో లేదో చూడటం దగ్గర ఎక్కువమంది మోసపోతారు. ఎండలోంచి అప్పుడే తీసిన కాయ బాగా ఎండినా మెత్తగానే అనిపిస్తుంది, వేడికి వంగుతుంది. దాన్ని చూసి ఇంకా ఎండలేదనుకుని ఇంకో రెండు రోజులు మాడ్చేవాళ్లున్నారు. దీనికి వ్యతిరేకమైన తప్పు కూడా ఉంది. కాయ కొన ముందుగా ఎండుతుంది. కొన విరిచి చూసి చాలనుకుంటారు. ముచ్చిక దగ్గరి భుజం, లోపల గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనె చివరిదాకా తేమను పట్టుకుని ఉంటాయి.

సరైన పద్ధతి ఇది. పరిచినదాంట్లో వేర్వేరు చోట్ల నుంచి, లావుపాటివే ఏరి, పది కాయలు తీయండి. నీడలో పళ్లెంలో పది నిమిషాలు చల్లారనివ్వండి. ఒక్కో కాయను ముచ్చిక వైపు బొటనవేలితో నొక్కండి. చటుక్కున చప్పుడు చేసి పగలాలి, ముడత పడి వంగకూడదు. పగిలిన ముక్కలోంచి తెల్లటి ఈనెను గోటితో లాగండి, అది సాగకుండా తునిగిపోవాలి. పదిలో ఒక్కటి వంగినా ఇంకో పూట ఎండకు వేయండి. ఆ ఒక్క కాయ తేమ పట్టించాక కిలో పొడిలోకి పాకుతుంది.

పొయ్యి మీద మూకుడులో వేయించి ఈ పని ముగించే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. వేయించిన మిర్చితో కొట్టిన కారం ఇడ్లీ, దోసెల పొడికి బాగుంటుంది. ఏడాది నిల్వకు పనికిరాదు. పైతొక్క నల్లబడేసరికి కూడా లోపలి ఈనె ఎండదు, కూరకు మాడు వాసన వస్తుంది.

ఎండ మధ్యలో మబ్బు పడితే కాయల్ని లోపలికి తెచ్చి ఫ్యాన్ కింద పలచగా పరచండి. రెండు రోజులు మబ్బున్నా ఏమీ కాదు. మూటగట్టి పెడితేనే బూజు.

గిర్ని

చివరి రోజు మధ్యాహ్నం మూడింటికి కాయలు తీసి, చల్లారాక నేరుగా గిర్నికి తీసుకెళ్లండి. రేపు చూద్దామంటే రాత్రి తేమ పీల్చుకుంటుంది.

మీకంటే ముందు గిర్నిలో ఏం పట్టారో అడగండి. గోధుమపిండి పట్టిన వెంటనే మీ కారం పోస్తే పిండి కలుస్తుంది, పురుగుకు అదే దారి. మిర్చి పట్టే గిర్నికే వెళ్లండి. మొదట వచ్చిన పావుకిలో వేరే కవర్‌లో పట్టుకుని ముందుగా వాడేయండి. నెమ్మదిగా పోయమనండి. గబగబా పోస్తే యంత్రం వేడెక్కి పొడి రంగు ముదురుతుంది. రోకలి మిషన్ ఉన్న గిర్ని దొరికితే అక్కడికే వెళ్లాలి, దంచిన కారం అంత వేడెక్కదు. తొక్కుకు కాస్త బరకగా, కూరలకు మెత్తగా.

పట్టేటప్పుడు ఉప్పు వేయించొద్దు. ఉప్పు వేస్తే నిల్వ ఉంటుందంటారు. దొడ్డుప్పులో ఉండే మెగ్నీషియం లవణాలు వానాకాలం గాలిలోంచి నీళ్లు లాగుతాయి, గడ్డకట్టించేది అదే. పైగా కూరలో ఉప్పు ఎంత పడుతుందో అంచనా అందదు. రంగు కోసం నూనె కూడా వద్దు, మూడు నెలలకే కనరు వాసన వస్తుంది. ధనియాలు, జీలకర్ర, వెల్లుల్లి కూడా అంతే, పట్టేటప్పుడు కలపొద్దు. కావలసినప్పుడు కావలసినంత నూరుకోవచ్చు.

చల్లార్చడం, నిల్వ

గిర్నిలోంచి వచ్చే పొడి చేతికి వేడిగా తగులుతుంది. డబ్బాలో పోసి మూత పెడితే ఆ ఆవిరి మూతకు పట్టి నీటిచుక్కలై మళ్లీ పొడి మీద పడుతుంది. ఇంటికి రాగానే వెడల్పాటి తాంబాళంలో రెండు వేళ్ల మందాన పరిచి, గుడ్డ కప్పి, నాలుగైదు గంటలు ఉంచండి. ఫ్యాన్ వేయొద్దు, ఇల్లంతా దగ్గుతుంది.

చల్లారిన పొడిని ఎండలో ఆరబెట్టిన జాడీల్లో లేదా స్టీలు డబ్బాల్లో గట్టిగా అదిమి నింపండి. వదులుగా పోస్తే మధ్యలో గాలి ఉంటుంది, రంగు తొందరగా పోతుంది. ఒక్క పెద్ద డబ్బా కాకుండా ఐదారు చిన్నవి చేసుకోండి. ఒకటి వంటింట్లోకి, మిగతావి పొయ్యికి దూరంగా చీకటి అరలోకి. వాటిని నెలకో రెండు నెలలకో ఒకటి చొప్పున తెరవాలి. వానాకాలం వాటా ఫ్రిజ్‌లో పెడితే, బయటికి తీసినప్పుడు గది వేడికి వచ్చేదాకా మూత తీయొద్దు, లేకపోతే చల్లటి పొడి మీద చెమట పడుతుంది.

ఘాటుకు పురుగు రాదనుకోవద్దు. మిర్చిని తినే చిన్న గోధుమరంగు పురుగు ఉంది, మూత వదులైతే చాలు.

జూలైలో ఒకసారి డబ్బాలన్నీ తెరిచి చూడండి. గడ్డలు వేళ్లతో నొక్కగానే పొడిగా విడిపోతే, మామూలు మిర్చి వాసనే వస్తే, పళ్లెంలో పలచగా పరిచి ఎండ కాసిన పూట ఆరబెట్టి ముందుగా వాడండి. గడ్డ లోపల బూడిదరంగు దారాలు కనిపించినా, మట్టి వాసన వచ్చినా పైపైన తీసి మిగతాది వాడుకోవాలని చూడొద్దు. ఆ బూజు వదిలే విషం వంటవేడికి పోదు, వేయించినా పోదు. ఆ డబ్బాలోని పొడి మొత్తం పారేసి, డబ్బాను వేడినీళ్లతో కడిగి, రెండు ఎండలు తగిలాకే మళ్లీ ఏదైనా పోయండి.