మూతపడిన మిల్లుకు కొత్త వాడుక: ముందు పేటను కొలవండి

మూతపడిన నూలుమిల్లును ఆఫీసులుగానో దుకాణాలుగానో మార్చదలచినవారు చాలావరకు ముందుగా కట్టడాన్నే కొలిపిస్తారు. అంతకన్నా ముందు కొలవవలసింది చుట్టూ ఉన్న పేటను. ఒక పనిదినాన ఉదయం ఎనిమిది నుంచి పదకొండు దాకా మిల్లు గేటుకూ రైల్వే స్టేషనుకూ మధ్య నడిచి, దారి వెడల్పును, వంతెన మెట్ల వెడల్పును టేపుతో కొలిచి, జనం ఎక్కడెక్కడ ఆగిపోతున్నారో రాసుకోండి.

ఆ లెక్క తప్పితే ఏమవుతుందో ముంబయిలో నూలుమిల్లుల పేట అయిన గిరణ్‌గావ్‌లో చూశాం. తెలంగాణలో పిండిమరను గిర్నీ అన్నట్టే మరాఠీలో మిల్లును గిరణీ అంటారు; పద్మశాలీలతో సహా ఎందరో తెలంగాణవారు బతుకుతెరువుకు వెళ్లిన చోటది. 1982 జనవరి 18న మొదలైన సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడి, ఆ స్థలాల్లో ఆఫీసు టవర్లు, మాల్‌లు లేచాయి. పక్కనున్న చాల్‌ల (కార్మికుల ఒంటిగది ఇళ్ల వరుసల) నుంచి షిఫ్టుల వారీగా నడిచి వచ్చే కార్మికులు పోయి, దూరం నుంచి రైళ్లలో ఒకే వేళకు దిగే ఉద్యోగులు వచ్చారు. స్టేషను వంతెన మాత్రం ఇరుకుగానే మిగిలింది. 2017 సెప్టెంబరు 29న అక్కడి ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషను వంతెన మీద జరిగిన తొక్కిసలాటలో 23 మంది చనిపోయారు.

రెండోది స్థలం వాటా. 1991 నాటి ముంబయి నిబంధనల ప్రకారం మిల్లు స్థలంలో సుమారు మూడో వంతు ఖాళీ జాగాకు, మరో మూడో వంతు ప్రభుత్వ గృహనిర్మాణానికి దక్కాలి. 2001 సవరణతో ఆ వాటాను మొత్తం స్థలం మీద కాక, కట్టడాలు లేని జాగా మీదే లెక్కకట్టడం మొదలై, ప్రజలకు దక్కేది బాగా తగ్గింది. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. కాబట్టి అభ్యంతరాలు చెప్పే అవకాశం వచ్చినప్పుడు, దేనిలో మూడో వంతో చదరపు మీటర్లలో రాయించండి.

ఇక కట్టడం. రంపపు పళ్లలా కనిపించే పైకప్పులో అద్దాలు ఉత్తరానికి తిరిగి ఉంటాయి. ఎండ నేరుగా పడనివ్వకుండా రోజంతా నిలకడైన వెలుతురునిస్తాయి. వాటి కింద ఫాల్స్ సీలింగ్ వేయించకండి. పోత ఇనుప స్తంభాలు నిలువు బరువును మోస్తాయి కాని వంపును, దెబ్బను ఓర్చుకోలేవు. అందువల్ల కొత్త మెజనైన్‌ను (నేలకూ పైకప్పుకూ మధ్య వేసే సగం అంతస్తును) వాటికి తగిలించకుండా విడి ఉక్కు స్తంభాల మీద నిలపాలి. ఇటుకల మధ్య సందును గోటితో గీకితే తెల్లటి పొడి రాలినచోట సున్నంతోనే మరమ్మతు చేయించాలి. సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక ఇటుక పెచ్చులూడుతుంది. ఆస్‌బెస్టాస్ రేకులను పగలగొట్టించవద్దు. తడిపి, తగిన మాస్కులు పెట్టుకున్న అనుభవజ్ఞుల చేత దింపించాలి.

చెక్క అంతస్తులను మరింత శ్రద్ధగా చూడండి. దశాబ్దాల పాటు యంత్రాల నూనె పీల్చిన పలక, కోసిన అంచున నల్లగా జిడ్డుగా కనిపిస్తుంది. అలాంటివి నిప్పుకు సిద్ధంగా ఉన్నట్టే. పైకప్పు విషయంలోనూ నిప్పు భయం ఉంది: 2017 డిసెంబరు 29న ముంబయిలోని పాత మిల్లు స్థలమైన కమలా మిల్స్ ఆవరణలో పైకప్పు మీది రెస్టారెంట్లు అంటుకుని 14 మంది చనిపోయారు. రెండు విడి మెట్లదారులు, ఫైరింజను తిరిగేంత జాగా లేనిచోట పైకప్పును ఎవరికీ అద్దెకు ఇవ్వకూడదు.

గేటు ఎదుట ఉన్న ఖానావళి (భోజనశాల), టీకొట్టు, సైకిల్ షాపు వాళ్లతో ముందే మాట్లాడి, రోడ్డు వైపు నేల అంతస్తు గదులు కొన్నిటిని పాత అద్దెకు దగ్గరగా దీర్ఘకాలిక లీజుకు రాసివ్వండి. సంతకాలు పని మొదలుకాకముందే జరగాలి, ఎందుకంటే నిర్మాణం సాగే కాలంలో గిరాకీ లేక మొదట ఖాళీ చేసి వెళ్లేది వాళ్లే.