18 ఏళ్లు దాటిన మేధో వైకల్యం గలవారికి పగటిపూట జీవన నైపుణ్యాల శిక్షణ: గోదావరి జిల్లాల్లో దరఖాస్తు విధానం

మండలాల్లో ఉన్న భవిత కేంద్రాలు వైకల్యం గల బడి వయసు పిల్లల కోసం ఏర్పాటైనవి. 18 నిండితే అక్కడ చోటు ఉండదు. అప్పటిదాకా ఫిజియోథెరపీకో, ప్రత్యేక ఉపాధ్యాయురాలి దగ్గరికో వెళ్లివచ్చిన అబ్బాయి ఇక ఇంట్లో టీవీ ముందు కూర్చుంటాడు. నేర్చుకున్నది కూడా మెల్లగా మరిచిపోతాడు. అలాంటివారికి స్నానం, వంట, డబ్బు, ప్రయాణం, నలుగురిలో మెలగడం నేర్పేవే పగటి శిక్షణ కేంద్రాలు. ఉదయం వెళ్లి సాయంత్రం ఇంటికి వచ్చేస్తారు.

1999 నాటి చట్టంతో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం పనిచేస్తుంది. పదేళ్లు పైబడినవారికి అది పెట్టిన పగటి సంరక్షణ పథకం పేరు వికాస్. చిన్నపిల్లల పథకమైన దిశతో కలిపి ఇప్పుడు దానిని దిశ కమ్ వికాస్ అంటున్నారు. కేంద్రాలను నడిపేది స్వచ్ఛంద సంస్థలు. కాబట్టి సచివాలయానికి వెళ్లి ‘శిక్షణలో చేర్చుకోండి’ అని అర్జీ పెడితే పని జరగదు. సచివాలయంలో కాగితాలు సిద్ధమవుతాయి, ప్రవేశం మాత్రం సంస్థ చేతిలో ఉంటుంది. ఈ తేడా తెలియకనే చాలామంది నెలల తరబడి తిరుగుతారు.

ముందుగా కావలసింది వైకల్య శాతం తెలిపే సదరం ధ్రువపత్రం, దానితోపాటు దేశమంతటా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు యూడీఐడీ. గ్రామ, వార్డు సచివాలయంలో గానీ మీసేవలో గానీ స్లాట్ బుక్ చేసుకుంటే, కేటాయించిన ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యులు పరీక్షిస్తారు. ప్రయోజనాలకు సాధారణంగా 40 శాతం వైకల్యం ఉండాలి. చిన్నప్పుడు తీసుకున్న పత్రం బీరువాలో ఉంది కదా అని ఊరుకోకండి. 18 నిండాక మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. పరీక్ష రోజున ఆధార్, పాత పత్రాలు, బడి రికార్డులు, వాడుతున్న మందుల చీటీలు తీసుకెళ్లండి. సైకాలజిస్టు రోజువారీ పనుల గురించి తల్లినే ఎక్కువ అడుగుతారు. పరువు కోసం ‘అన్నీ వచ్చండీ’ అనడం, శాతం పెరుగుతుందని ‘ఏమీ రావండీ’ అనడం రెండూ బిడ్డకే నష్టం. ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 6,000 రూపాయల దివ్యాంగ పింఛనుకూ ఈ పత్రమే ఆధారం.

ఇక సంస్థను వెతకాలి. నేషనల్ ట్రస్ట్ వెబ్‌సైట్‌లో నమోదైన సంస్థల జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. కాకినాడ, రాజమహేంద్రవరం, అమలాపురం, భీమవరం, ఏలూరుల్లో ఉన్న విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ సహాయ సంచాలకుల కార్యాలయంలోనూ మీ జిల్లా సంస్థల వివరాలు అడగవచ్చు. దూరం సంగతి ముందే తేల్చుకోండి. సఖినేటిపల్లి వైపు నుంచి నరసాపురానికి దగ్గరి దారిన రావాలంటే పంటు ఎక్కాలి, వరద వచ్చిందంటే ఆ దారి మూసుకుపోతుంది. లంక గ్రామాల వారిదీ ఇదే ఇబ్బంది. ఎంత మంచి కేంద్రమైనా వారానికి రెండు రోజులే చేరుకోగలిగితే ఏదీ నిలవదు.

కేంద్రాన్ని చూడకుండా దరఖాస్తు ఇవ్వకండి. పథకం ప్రకారం రోజుకు కనీసం ఆరు గంటలు నడపాలి. ఆ ఆరు గంటల్లో ఏం చేయిస్తున్నారో పక్కన కూర్చుని గమనించండి. ఏడాది పొడవునా కొవ్వొత్తులు, కాగితపు కవర్లే చేయిస్తుంటే నాకు అనుమానమే. వారానికోసారైనా సంతకు తీసుకెళ్తారా? పది రూపాయల నోటిచ్చి చిల్లర లెక్కపెట్టిస్తారా? గ్యాస్ పొయ్యి వెలిగించి ఆర్పడం, ఆడపిల్లలకు నెలసరి శుభ్రత, ఒంటి మీద ఎవరైనా చెయ్యి వేస్తే వద్దని గట్టిగా చెప్పడం నేర్పుతారా? కడియం నర్సరీలకు దగ్గరలో ఉంటే మట్టి కలిపి మొక్కల కవర్లు నింపే పని కూడా చక్కగా నేర్పవచ్చు, అది ఆ ఊళ్లో నిజంగా కూలి దొరికే పని.

దరఖాస్తు ఫారం సంస్థ దగ్గరే ఇస్తారు. ధ్రువపత్రం, ఆధార్, ఫోటోలు, ఆదాయ పత్రం లేదా రేషన్ కార్డు, వైద్య నివేదికల నకళ్లు జతచేయాలి. అసలైనవి చూపించి వెనక్కి తెచ్చుకోండి. మూర్ఛ, మందులు, అలర్జీల గురించి ఒక్క ముక్క కూడా దాచకండి.

తరవాత ఏయే పనులు ఎంతవరకు వచ్చో సంస్థవారు అంచనా వేస్తారు. ఫారంలో ‘స్నానం స్వయంగా చేస్తారా?’ అనే ప్రశ్న ఉంటుంది. దానికి అవును, కాదు అని రాసి ఊరుకోవడం దండగ. ఇలా రాయండి: ‘నీళ్లు తోడుకుంటాడు, ఒంటిమీద పోసుకుంటాడు, సబ్బు చేతులకే రాస్తాడు, వీపు మరిచిపోతాడు, తువ్వాలు అందిస్తేనే తుడుచుకుంటాడు.’ ఈ ఒక్క వాక్యంతో శిక్షకురాలికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసిపోతుంది: మొదటి నెల వీపు, తరవాత తువ్వాలు. ఏ పనినైనా ఇలా మెట్లుగా విడగొట్టి, ఎవరికి వారికి విడిగా శిక్షణ ప్రణాళిక రాస్తారు. దాని నకలు అడిగి తీసుకోండి, అదే పద్ధతిని ఇంట్లోనూ పాటించండి. కేంద్రంలో తన కంచం తాను కడిగే మనిషికి ఇంట్లో అమ్మ కడిగిపెడితే శిక్షణ గోదారిలో కలిసినట్టే.

ఇదే సంస్థ ద్వారా నిరామయ ఆరోగ్య బీమాకూ దరఖాస్తు చేయవచ్చు. లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, ముందస్తు వైద్య పరీక్షలు అక్కర్లేదు.

సంరక్షకత్వం సంగతి వేరు. 18 నిండాక తల్లిదండ్రులు చట్టప్రకారం తమంతట తాము సంరక్షకులు కారు. బ్యాంకు ఖాతా, ఆస్తి వ్యవహారాల్లో ఇది ఎదురవుతుంది. కలెక్టర్ అధ్యక్షుడిగా ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. నియమితులైనవారు ఆరు నెలల్లోగా ఆస్తుల జాబితా, ఏటా లెక్కలు సమర్పించాలి. శిక్షణలో చేరడానికి సంరక్షకత్వ పత్రం వచ్చేదాకా ఆగనక్కరలేదు, రెండు పనులూ పక్కపక్కనే నడిపించవచ్చు.

సంస్థ ఖాళీ లేదంటే నిరీక్షణ జాబితాలో పేరు రాయించి, తేదీ వేసిన రశీదు తీసుకోండి. సమాధానమే ఇవ్వకపోతే ఆ రశీదు నకలుతో సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి, దాని సంఖ్య రాసుకోండి.