ఫ్లెక్స్ మీద చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు: మొరాయిస్తే ఎక్కడ వెతకాలి

ఒక ఏటీటైనీ85వీ మైక్రోకంట్రోలర్ చిప్పు (ప్రోగ్రామ్ నింపుకుని నడిచే బుల్లి కంప్యూటర్), దాన్ని ఆనుకుని 100 నానోఫారడ్ కెపాసిటర్, రీసెట్ పిన్నుకి 10 కిలో ఓమ్ రెసిస్టర్, ఒక ఎల్ఈడీ, దానికో రెసిస్టర్, సీఆర్2032 అనే ఒక కాయిన్ సెల్లు. బోర్డు నడవడానికి ఇంతే చాలు. బ్రెడ్‌బోర్డు మీద ఏ గొడవా లేని ఈ సర్క్యూటే 0.12 మి.మీ. మందం ఉన్న రెండు పొరల ఫ్లెక్స్ (వంగే సర్క్యూట్ షీటు) మీదికి ఎక్కాక ఇబ్బంది పెడుతుంది. కోడ్ మళ్లీ ఎక్కించే ముందు బోర్డు ఎక్కడ వంగుతోందో, టంకం వేసేటప్పుడు ఎక్కడ వేడి ఎక్కువ తగిలిందో చూడండి. తప్పు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

చదునుగా ఉంటే నడుస్తుంది, వంచితే ఆగిపోతుంది

రాగి ట్రాక్ చిట్లింది. స్టిఫ్‌నర్ (వంగకుండా వెనక అంటించే గట్టి ముక్క) అంచు, ప్యాడ్ (టంకం వేసే రాగి బిళ్ల) నుంచి ట్రాక్ బయటికొచ్చే చోటు, వంపులో పడ్డ వయా (రెండు పొరల్ని కలిపే రాగి రంధ్రం): ముందు ఈ మూడూ చూడాలి. సెల్లు తీసేసి, మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి, ట్రాక్ రెండు కొసలకీ ప్రోబులు ఆనించి మెల్లగా వంచండి. బీప్‌ని నమ్ముకోవద్దు. పూర్తిగా విడిపోని చీలిక దగ్గర నిరోధం కాస్త పెరిగినా బీప్ మోగుతూనే ఉండొచ్చు, అంకె మాత్రం పెరుగుతుంది.

చేతిలో ఉన్న బోర్డు బతకాలంటే చీలికకి అటూ ఇటూ కవర్‌లే (రాగి మీద అంటించిన రక్షణ పొర) గీకి, ఎనామెల్ పూత ఉన్న సన్నని జంపర్ వైరు కాస్త వదులుగా వేసి టంకం పెట్టండి. ఈ వైరు కోసం హైదరాబాద్ జగదీశ్ మార్కెట్‌లో ఫోన్ రిపేరు సామాన్ల దగ్గర అడిగి చూడండి. ఆ చోటు మళ్లీ వంగకుండా వెనక స్టిఫ్‌నర్ ముక్క అంటించాలి.

అసలు మందు డిజైన్‌లో ఉంది. ఒకసారి వంచి వదిలేసే రెండు పొరల ఫ్లెక్స్‌కి వంపు వ్యాసార్ధం మందానికి కనీసం 12 రెట్లు, అంటే మన బోర్డుకి సుమారు 1.5 మి.మీ. ఉండాలి. మణికట్టు పట్టీలా రోజూ వంగేదైతే 100 రెట్లు, 12 మి.మీ. దాకా వెళ్లాలి, ఆ భాగంలో ఒకే రాగి పొర ఉంచడం మంచిది. వంపు గీతని ట్రాకులు నిట్టనిలువుగా దాటాలి. అక్కడ వయాలు వద్దు, ట్రాక్ వెడల్పు మారకూడదు, పై ట్రాకు కింద సరిగ్గా ఇంకో ట్రాకు పడకూడదు. గ్రౌండ్‌ని నిండు రాగితో కాకుండా జాలీగా పోయండి. స్టిఫ్‌నర్ అంచు, కవర్‌లే అంచు ఒకే గీత మీదికి వస్తే ఒత్తిడంతా అక్కడే చేరుతుంది. కనీసం ముప్పావు మి.మీ. ఒకదాని మీదికి ఒకటి జరపండి.

సెల్లు రెండు రోజుల్లో దిగిపోతోంది, కెపాసిటర్ వెచ్చబడుతోంది

సిరామిక్ కెపాసిటర్ వంపుకి లోపల పగిలి షార్టయింది. బయటికి పగులు కనిపించకపోవచ్చు. సెల్లు తీసి సప్లైకి, గ్రౌండ్‌కి మధ్య ఓమ్స్ కొలవండి. కెపాసిటర్ ఊడదీశాక అంకె బాగా పెరిగితే దోషి అదే. కొత్తది పెట్టేటప్పుడు దాని పొడుగు వంపు గీతకి సమాంతరంగా ఉండాలి. చిప్పుకీ కెపాసిటర్‌కీ కలిపి వెనక ఒకే స్టిఫ్‌నర్ ఇవ్వండి.

ప్రోగ్రామర్ చిప్పుని గుర్తించడం లేదు

ముందు సెల్లు తీయండి. ప్రోగ్రామర్ (కంప్యూటర్ నుంచి చిప్పులోకి కోడ్ ఎక్కించే పరికరం) ఇచ్చే 5 వోల్టులు సీఆర్2032లోకి వెళ్లకూడదు, అది చార్జ్ చేసే సెల్లు కాదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన చిప్పు 1 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. ప్రోగ్రామింగ్ క్లాక్ అందులో నాలుగో వంతుకి, అంటే 250 కిలోహెర్ట్జ్‌కి లోపే ఉండాలి. కోడ్ ఎక్కించే ఏవీఆర్‌డ్యూడ్ సాఫ్ట్‌వేర్ కమాండ్‌కి మైనస్ బీ 10 (-B 10, పెద్ద అక్షరం బీ) చేర్చితే 100 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కలకి దిగుతుంది. అప్పుడు 1ఈ 93 0బీ అని సిగ్నేచర్ (చిప్పు గుర్తింపు సంఖ్య) రావాలి.

అయినా రాకపోతే పోగో పిన్నులు (ప్రోగ్రామర్ నుంచి ప్యాడ్లకి ఆనే స్ప్రింగు పిన్నులు) చూడండి. కింద ఆధారం లేని ఫ్లెక్స్ పిన్ను ఒత్తిడికి కుంగి కాంటాక్ట్ వదిలేస్తుంది. అక్రిలిక్ ముక్క మీద కాప్టన్ టేపుతో (వేడికి ఓర్చే టేపు) బిగించి మళ్లీ ప్రయత్నించండి. ఎల్ఈడీని ప్రోగ్రామింగ్ లైన్ల మీద కాకుండా చిప్పు 2వ లేదా 3వ పిన్నుకి ఇవ్వండి.

ఎల్ఈడీ ఒక్కసారి మెరిసి చిప్పు మళ్లీ మొదటికొస్తోంది

కాయిన్ సెల్లు పాతబడేకొద్దీ దాని లోపలి నిరోధం పెరుగుతుంది, లోడ్ పడగానే వోల్టేజ్ జారుతుంది. బ్రౌన్-అవుట్ ఫ్యూజ్ (వోల్టేజ్ ఒక హద్దు కిందికి దిగితే చిప్పుని రీసెట్ చేసే సెట్టింగ్) 2.7 వోల్టులకి పెట్టి ఉంటే వెంటనే రీసెట్. దాన్ని 1.8కి మార్చండి; వీ రకం చిప్పు 4 మెగాహెర్ట్జ్ వరకు అంత తక్కువలోనూ నడుస్తుంది. ఎర్ర ఎల్ఈడీకి 1 కిలో ఓమ్ పెడితే కరెంటు 1 మిల్లీఆంప్ దగ్గర ఆగుతుంది. నీలం ఎల్ఈడీ ఈ సెల్లుకి తగదు.

టంకం వేస్తుంటే బుడగలు, ప్యాడ్ లేచిపోవడం

ఫ్లెక్స్ షీటుకి వాడే ప్లాస్టిక్ పాలిఇమైడ్. అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా హైదరాబాద్ వానల్లో కవర్ విప్పి వదిలేసిన షీటు మీద టంకం ఐరన్ పెడితే ఆ తేమ ఆవిరై పొరల్ని లేపుతుంది. 120 డిగ్రీల దగ్గర రెండు నుంచి నాలుగు గంటలు వేడిచేసి, అదే రోజు టంకం పూర్తిచేయండి. వంటకి వాడే అవెన్ వద్దు. కోఠీ గుజరాతీ గల్లీలో టంకం వైరు కొనేటప్పుడు 63/37 (63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం) అని చూసి తీసుకోండి. అది 183 డిగ్రీలకే కరుగుతుంది. సీసం పాళ్లు బాగా పెరిగిన చౌక వైరుకి ఇంకా వేడి కావాలి, ఆ వేడికి ప్యాడ్ జిగురు ఓర్చుకోదు. ఐరన్ 300-320 డిగ్రీల్లో, ఒక్కో ప్యాడ్ మీద రెండు మూడు సెకన్లు మించకుండా పెట్టండి. తర్వాతి డిజైన్‌లో ప్యాడ్ అంచులు కవర్‌లే కిందికి వెళ్లేలా గీస్తే రాగిని అదే పట్టి ఉంచుతుంది.

కాళ్ల మధ్య టంకం కలిసిపోతోంది

కవర్‌లేకి సన్నని అడ్డుగోడలు కోయడం కష్టం. 0.5 మి.మీ. పిచ్ (పక్కపక్క కాళ్ల మధ్య దూరం) ఉన్న చిప్పులకి కాళ్లన్నిటికీ కలిపి ఒకే కిటికీ తెరుస్తారు, టంకం అందులో పారుతుంది. 1.27 మి.మీ. పిచ్ ఉన్న ఎనిమిది కాళ్ల ప్యాకేజీ ఎంచుకోండి. ఉన్నదాన్ని ఫ్లక్స్ రాసి, రాగి అల్లిక టేపుతో పీల్చేయండి.